ప్రతిభకు మూలమేది? – నడిగడ్డ సభలు, ఇబ్న్ ఖల్దూన్ మగ్గం

కృష్ణా తుంగభద్రల నడుమనున్న నేలను నడిగడ్డ అంటారు. గద్వాల, అలంపురం, వడ్డేపల్లి, రాజోలి ఈ గడ్డ మీదివే. 2016 అక్టోబరు దాకా ఇదంతా మహబూబ్‌నగర్ జిల్లాలో భాగం. ఆ తరువాత జోగులాంబ గద్వాల జిల్లా అయింది. ఈ ప్రాంతానికి రెండు విషయాల్లో పేరున్నది. ఒకటి నేత, రెండవది కవిత. నూలు ఒంటికి పట్టు అంచును పోగు పోగునా ముడివేసి నేసే గద్వాల చీర ఎంతటి ప్రసిద్ధమో, గద్వాల సంస్థానపు పండిత సభలూ ఒకనాడు అంతటి ప్రసిద్ధాలు. ఆ సంస్థానాన్ని 'విద్వద్గద్వాల' అని పిలిచేవారు. ఎక్కడెక్కడి కవులో అక్కడికి వచ్చి, తమ విద్యను ప్రదర్శించి, సన్మానం పొంది వెళ్ళేవారు. అవధానాన్ని ఊరూరా తిప్పి జనసామాన్యానికి చేరువ చేసిన తిరుపతి వేంకట కవులు, అనగా దివాకర్ల తిరుపతి శాస్త్రి (1872–1920), చెళ్ళపిళ్ళ వేంకట శాస్త్రి (1870–1950), గద్వాల, ఆత్మకూరు సంస్థానాల గడప తొక్కినవారే.

అవధానం చూడని పాఠకుల కోసం ఆ సభ తీరు కొంచెం చెప్పవలసి ఉన్నది. అష్టావధానంలో అవధాని చుట్టూ ఎనిమిది మంది పృచ్ఛకులు కూర్చుంటారు. ఒకరు అర్థం లేనట్టు, లేదా అనర్థంగా తోచే పద్యపాదం ఒకటి ఇచ్చి దానిని అర్థవంతంగా పూరించమంటారు, ఇది సమస్య. ఒకరు నాలుగు పదాలు ఇచ్చి అవి నాలుగూ పద్యంలో ఇమడాలంటారు, ఇది దత్తపది. మరొకరు అవధాని నోట ఒక్కొక్క అక్షరం వెలువడుతుండగానే తరువాతి అక్షరం ఫలానాది కారాదని నిషేధిస్తూ పోతారు. ఒకరు గంట కొడుతుంటే ఎన్ని కొట్టారో లెక్క తప్పకూడదు. ఒకరు మధ్య మధ్య అసందర్భపు ప్రశ్నలతో ధ్యాస మళ్ళించాలని చూస్తారు. అవధాని ఒక్కొక్కరికి ఒక్కొక్క పాదం చొప్పున చెప్పుకుంటూ నాలుగు చుట్లు తిరిగి పద్యాలు పూర్తి చేసి, చివరకు కాగితం కలం లేకుండా అన్నింటినీ మొదటినుంచీ అప్పజెబుతాడు. దీనినే ధారణ అంటారు. శతావధానమైతే పృచ్ఛకులు నూరుగురు.

ఇంతటి విన్యాసం చూసి ఇంటికి మరలే శ్రోతల మధ్య వాదం ఒకటి పుట్టక తప్పదు. ఇది మనిషి చేసే పనేనా అని ఒకరంటారు. చిన్ననాటి నుంచీ కంఠస్థం చేసిన వేల పద్యాల ఫలమేనని ఇంకొకరంటారు. అవధానులు సాధారణంగా తమ శక్తిని సరస్వతీ కటాక్షంగానే చెప్పుకున్నారు. ముస్లిం శ్రోతకు ఆ సమాధానం ఒప్పుదల కాదు. మరి అతని సమాధానమేమిటి? 'అంతా అల్లాహ్ దయ' అని ఊరుకుంటే అది సత్యమే గానీ, నోట పద్యం పలికినవానికీ నోరు పెగలనివానికీ మధ్య భేదమెక్కడున్నదో అది చెప్పదు. 'అంతా మెదడు పని' అంటే, రేపు ఎవరైనా లేచి దివ్యవాణిని గూర్చి కూడా ఆ మాటే అంటే జవాబేమిటన్న భయం వెంటాడుతుంది. ఈ భయమే చాలామంది సజ్జనులను విజ్ఞానశాస్త్రపు గడప దగ్గరే నిలిపివేస్తున్నది. ఆ భయానికి చరిత్రలో ఆధారమున్నదా అన్నది పరిశీలింపదగిన విషయం.

తెలుగువాడే ఒకడు, మొగలు కొలువులో కూర్చుండి, ఈ ప్రశ్నను సూటిగా ఎదుర్కొన్నాడు. కోనసీమలోని ముంగండకు చెందిన జగన్నాథుడు 17వ శతాబ్దిలో షాజహాన్ చక్రవర్తి చేత పండితరాయ బిరుదు పొందినవాడు. అతనికి పూర్వం, 11వ శతాబ్దిలో, కాశ్మీర పండితుడు మమ్మటుడు కవిత్వానికి శక్తి, నిపుణత, అభ్యాసం మూడూ కలిసి ఒకే కారణమని తీర్మానించాడు. జగన్నాథుడు తన 'రసగంగాధరం'లో దీనిని అంగీకరించలేదు. కావ్యానికి కారణం ప్రతిభ ఒక్కటేనన్నాడు. అయితే ఆ ప్రతిభ ఎక్కడినుంచి వచ్చింది? కొందరిలో అది అదృష్టం వలన, అంటే దేవతానుగ్రహమో మహాపురుషుల అనుగ్రహమో కలగడం వలన వస్తుంది; మరికొందరిలో పాండిత్యం, అభ్యాసం వలన వస్తుంది. పాండిత్యమే లేని బాలునిలో సైతం ప్రతిభ కనిపిస్తున్నది గనుక అన్నిచోట్లా అభ్యాసమే కారణమనడానికి వీలులేదు. అభ్యాసం కళ్ళెదుట కనిపించేచోట కనిపించని అదృష్టాన్ని ఊహించనక్కర లేదు. ఇదీ అతని వాదం. విశ్వాసమా విజ్ఞానమా అని నేడు పెద్ద గొంతుతో వాదించుకునేవారిలో ఇంతపాటి నిదానం అరుదు.

అరబ్బులలో ఈ చర్చ ఇంకా ముందే, ఇంకా తీవ్రంగా జరిగింది. ఇస్లాంకు పూర్వపు అరబ్బులు ప్రతి గొప్ప కవికీ ఒక జిన్ను తోడుంటుందని, పద్యం అది చెవిలో ఊదినదేనని నమ్మేవారు. అబ్‌కర్ అనే తావు జిన్నుల నివాసమని, వింతైన ప్రతి వస్తువూ అక్కడిదేనని వారి నమ్మకం. మేధావిని, అసాధారణ ప్రతిభావంతుని నేటికీ అరబీలో 'అబ్‌కరీ' అంటారు. అదే మాట దివ్య ఖుర్‌ఆన్‌లో ఒక్కచోట, అర్‌రహ్మాన్ సూరా 76వ ఆయతులో, స్వర్గంలోని సొగసైన తివాచీలకు వాడబడింది. మహాప్రవక్త (స) తాము కన్న ఒక స్వప్నాన్ని వివరిస్తూ, బావి నుండి నీరు తోడడంలో హజ్రత్ ఉమర్ (రజి) బలాన్ని ఆ మాటతోనే మెచ్చుకున్నారని హదీసులో ఉన్నది. జిన్నుల లోయ కాస్తా నేతగాని పనితనానికీ, పనిమంతుని భుజబలానికీ పేరైపోయింది. ఒక్క పదం ప్రయాణంలో ఎంత చరిత్ర ఇమిడి ఉన్నదో చూడండి.

ఖురైషీయులు మహాప్రవక్త (స)పై వేసిన నిందలలో ముఖ్యమైనది ఇదే: ఆయన కవి అని, జిన్ను పట్టినవాడని. ఖుర్‌ఆన్ దీనిని మళ్ళీ మళ్ళీ ఖండించింది. యాసీన్ సూరా 69వ ఆయతు ఆయనకు కవిత్వం నేర్పబడలేదని, అది ఆయనకు తగినది కాదని తెలిపింది. అల్‌హాఖ్ఖ సూరా 41, 42 ఆయతులు ఇది కవి మాటా కాదు, సోదెగాని మాటా కాదని స్పష్టం చేశాయి. ఈ ఖండనలోని ఒక పర్యవసానాన్ని సామాన్యంగా ఎవరూ గమనించరు. దివ్యవాణి కవిత్వం కాదని ఒకసారి నిశ్చయమైన తరువాత, కవిత్వం ఎట్లు పుడుతుందో పరిశోధించడంలో ముస్లిం విద్వాంసులకు ఏ సంకోచమూ లేకపోయింది. కవి నోటి మాటకు నేల మీద ఎన్ని కారణాలు చూపినా వహీకి వచ్చిన లోటేమీ లేదు. ఆ రెంటినీ విడదీసినది విజ్ఞానశాస్త్రం కాదు, ఖుర్‌ఆనే.

అట్లని కవిత్వాన్ని పూర్తిగా అనాథగానూ వదలలేదు. అష్షుఅరా సూరా చివర కవులను గర్హిస్తూనే, విశ్వసించి సత్కార్యాలు చేసేవారిని మినహాయించింది. హస్సాన్ బిన్ సాబిత్ (రజి) కోసం మస్జిదులో వేదిక వేయించి, ఆయనకు రూహుల్ ఖుదుస్ తోడ్పడుతున్నాడని మహాప్రవక్త (స) అన్నారు. తోడ్పాటు వేరు, అవతరణ వేరు. హస్సాన్ అప్పటికే పేరుమోసిన కవి. ఇస్లాంకు పూర్వమే గస్సానీ రాజుల కొలువులలో పద్యాలు చదివినవాడు. విద్య ఆయనది, దానికి అందిన బలం పైనుంచి వచ్చినది.

ఇక్కడ అనువాదకులకు ఎదురయ్యే చిక్కొకటి చెప్పడం అప్రస్తుతం కాదు. ఖుర్‌ఆన్ 'వహీ' అనే మాటను ప్రవక్తలకు మాత్రమే వాడలేదు. అన్నహ్ల్ సూరా 68వ ఆయతులో తేనెటీగకు గూళ్ళు ఎక్కడ కట్టుకోవాలో తెలిపిన సందర్భంలోనూ, అల్‌ఖసస్ సూరా 7వ ఆయతులో మూసా (అలై) మాతృమూర్తికి బిడ్డను నదిలో విడువమని తెలిపిన సందర్భంలోనూ అదే క్రియ ఉన్నది. తెలుగులో ప్రవక్తల విషయంలో దివ్యావిష్కృతి అని, తల్లి విషయంలో మనసుకు తోపింపజేయడమని, తేనెటీగ విషయంలో ప్రేరణ అని మూడు మాటలు వాడవలసి వస్తుంది. మూడు మాటలైనప్పుడు మూడు వేరువేరు లోకాలుగా కనిపిస్తాయి. మూలంలో మాత్రం అవి ఒకే మెట్ల వరుసలోని మెట్లు. తేనెటీగ గూటి కొలతలను జీవశాస్త్రజ్ఞుడు వివరించినంత మాత్రాన ఆ ఆయతు అబద్ధమైందని ఏ వ్యాఖ్యాతా భావించలేదు.

ఈ విషయంలో అందరికంటె నేలమీద నిలబడి మాట్లాడినవాడు ఇబ్న్ ఖల్దూన్ (1332–1406). 1377లో, నేటి అల్జీరియాలోని ఒక కోటలో ఏకాంతంగా ఉంటూ, అయిదు నెలలలో 'ముఖద్దిమా' పూర్తి చేశాడు. అందులో కవిత్వాన్ని గూర్చిన ప్రకరణం వడ్డేపల్లి రాజోలి నేతగాండ్లకు చదివి వినిపిస్తే వెంటనే తలలూపుతారు. కవికి కావలసినది వ్యాకరణ జ్ఞానం కాదు, ఛందస్సు లెక్కలూ కావు. మనసులో ఏర్పడే ఒక శైలి. దానిని అతడు వాక్యాలను నేసే మగ్గంతో పోల్చాడు. మాటలను పోతపోసే మూసతోనూ పోల్చాడు. తెలుగువారికి ఇక్కడ ఒక అదృష్టమున్నది. 'అచ్చు' అంటే మూస, పేక నూలును దగ్గరకు కొట్టే మగ్గపు పనిముట్టు కూడా అచ్చే. ఆ రెండు ఉపమానాలూ ఒకే మాటలో ఒదిగిపోతాయి.

ఆ మగ్గం మనసులో ఎట్లు నిలుస్తుంది? మంచి కవుల పద్యాలు విస్తారంగా కంఠస్థం చేయాలి. ఆ తరువాత వాటిని మరచిపోవాలి. పైనున్న అక్షరాలు చెరిగిపోతే వాటి అచ్చు లోపల మిగులుతుంది. ఇక కొత్త మాటలు దానిమీద నేతకు వస్తాయి. పద్యం రాసేవాడు ఏకాంతంలో ఉండాలి. నీరూ పూలూ కనిపించే చోటైతే మేలు. నిద్రలేచిన వేకువ వేళ, కడుపు ఖాళీగా, మనసు తేటగా ఉన్నప్పుడు కూర్చోవాలి. ఇంతచేసినా పద్యం రాకుంటే బలవంతం చేయక మరొక వేళకు విడిచిపెట్టాలి. చేయి తిరిగినవాని సలహాలివి; ఒక్కటి కూడా ఆకాశం వైపు చూడమనదు.

తన సంగతి కూడా దాచుకోలేదు. గ్రనడా మంత్రి, మహాకవి లిసానుద్దీన్ ఇబ్నుల్ ఖతీబ్‌తో ఒకనాడు మొరపెట్టుకున్నాడు: ఖుర్‌ఆన్, హదీసు, అరబ్బుల వాక్కు ఎంతో కంఠస్థమై ఉన్నా తనకు పద్యం సులువుగా రావడం లేదని. కారణమూ తానే చెప్పాడు. చిన్నతనంలో ఖిరాఅత్‌పై షాతిబీ పద్యాలు, ఫిఖ్హ్‌పై ఇబ్నుల్ హాజిబ్ గ్రంథాలు, తర్కపు సంగ్రహాలు మెదడు నిండా పట్టించుకోవడం వలన అచ్చు ఆ తీరుగా పడిపోయిందట. ఇబ్నుల్ ఖతీబ్ ఆశ్చర్యపోయి మెచ్చుకున్నాడు. మదర్సాలలో పాఠ్యగ్రంథాలు వల్లెవేసినవారికి ఈ ఫిర్యాదు కొత్తగా తోచదు.

ఇంత నిక్కచ్చిగా కవిత్వాన్ని అలవాటుగా, నైపుణ్యంగా తేల్చినవాడు అదే గ్రంథంలో ప్రవక్తృత్వాన్ని మాత్రం నైపుణ్యంగా తేల్చలేదు. ప్రవక్తల ఆత్మలకు రెప్పపాటులో మానవ స్థితిని విడిచి దైవదూతల స్థితిని అందుకునే స్వభావం అల్లాహ్ ప్రసాదించినదని, అది సంపాదించుకుంటే వచ్చేది కాదని వేరుగా నిరూపించాడు. ఒకే మెదడు, ఒకే పుస్తకం. రెండు వివరణలు ఒకదానినొకటి కొట్టుకోలేదు.

ఇబ్న్ సీనా (980–1037) ఆత్మకథలో మరొక నమూనా ఉన్నది. తర్కంలో చిక్కు వచ్చినప్పుడు మస్జిదుకు వెళ్ళి నమాజు చేసి, చిక్కు విడిపోవాలని దుఆ చేసేవాడు. రాత్రి దీపం ముందు కూర్చుని చదివేవాడు. నిద్రలోనూ ఆ ప్రశ్నలే కలలోకి వచ్చి కొన్ని అక్కడే విడిపోయేవి. అరిస్టాటిల్ అతీతభౌతిక గ్రంథాన్ని నలభై సార్లు చదివాడు, కంఠతా వచ్చింది, అర్థం కాలేదు. ఒకనాడు పుస్తకాల అంగడిలో మూడు దిర్హములకు కొన్న ఫారాబీ చిన్న పుస్తకంతో ఒక్కసారిగా బోధపడింది. మరునాడు కృతజ్ఞతగా పేదలకు దానం చేశాడు. నలభై సార్లు చదవడం కృషి. అంగడిలో ఆ పుస్తకం చేతికి రావడం అతని లెక్కలో అనుగ్రహం. నలభై సార్లు చదవనివానికి ఆ పుస్తకం దొరికినా ఉపయోగముండదు.

గజాలీ (మరణం 1111) 'ఇహ్యా'లో హృదయాన్ని చెరువుతో పోల్చాడు. పైనుంచి కాలువల ద్వారా, అంటే ఇంద్రియాల ద్వారా, నీరు రావచ్చు. లేదా అడుగు తవ్వి పూడిక తీస్తే ఊట కిందనుంచే రావచ్చు. రాజోలిబండ కాలువ నీటికోసం ఎదురుచూసి, అది రానినాడు బావి తవ్వుకునే నడిగడ్డ రైతుకు దీనిని విడమర్చి చెప్పనక్కర లేదు. చీనా చిత్రకారులు, రూమ్ చిత్రకారులు పోటీపడిన కథ కూడా అక్కడిదే: ఒకరు గోడమీద రంగులతో చిత్రించారు, మరొకరు ఎదుటి గోడను అద్దంలా మెరుగు పెట్టి ఊరుకున్నారు. గజాలీలో మెరుగుపెట్టినవారు చీనావారు. మౌలానా రూమీ మస్నవీలో రూమ్‌వారు. ఎవరి పక్షపాతం వారిది! అయినా గోడకు మెరుగు పెట్టడం కూడా చెమటోడ్చే పనే. ఊట కోసం తవ్వినవాడూ గునపం పట్టినవాడే. గజాలీ మాటలను పట్టుకుని చదువు మానివేసినవారు ఈ సంగతి మరచారు.

ఆధునిక విజ్ఞానం ఈ దారినే మరికొంత దూరం నడిచింది. ఫ్రెంచి గణితవేత్త పోయంకారే 1908లో తన అనుభవం చెప్పాడు: వారాలపాటు తేలని గణిత సమస్యకు పరిష్కారం, దాని ఊసే లేనప్పుడు, గుర్రపు బండి మెట్టుమీద కాలు పెట్టిన క్షణంలో తట్టింది. 1926లో ఇంగ్లాండుకు చెందిన గ్రాహం వాలస్ దీనికి నాలుగు దశలు కట్టాడు: సన్నాహం, లోలోపల నానడం, తళుక్కున మెరవడం, సరిచూసుకోవడం. పద్యం రాకుంటే మరొక వేళకు విడువమన్న ఇబ్న్ ఖల్దూన్ మాటకు ఇది శాస్త్రరూపం. 2004లో అమెరికాలో పరిశోధకులు పదాల చిక్కుముడులు విప్పుతున్నవారి మెదళ్ళను గమనించి, సమాధానం తటాలున తట్టినప్పుడు కుడి కణత భాగంలో ఒకచోట చురుకుదనం హెచ్చుతున్నదని చూపారు. 2008లో ఆరుగురు జాజ్ పియానో వాద్యకారులను పరీక్షించారు. వారు అప్పటికప్పుడు స్వరం కల్పించి వాయించేటప్పుడు, తప్పొప్పులు చూసుకుంటూ అదుపుచేసే నుదుటి భాగం కొంత నెమ్మదించింది.

ఈ చివరి పరిశీలన అవధానానికి సరిపోతుందా? ఆశువుకు సరిపోవచ్చు. నిషిద్ధాక్షరికి ఎట్లు సరిపోతుంది? అక్కడ అవధాని ఒక్కొక్క అక్షరం దగ్గర అదుపులో ఉండాలి, అదే సమయంలో ధార తెగకూడదు, చెవి గంటల మీద ఉండాలి. పదాల చిక్కుముడి విప్పడానికీ శతావధానానికీ మధ్య దూరం చిన్నది కాదు. మెదడులో ఎక్కడ వెలుగు వచ్చిందో చెప్పగల యంత్రం, వచ్చిన పద్యం మంచిదో కాదో చెప్పలేదు. దీనిని విజ్ఞానశాస్త్రపు ఓటమిగా చాటడం తగదు. ఆ పని దానిది కానే కాదు. అట్లే, నిన్న బయటపడిన ప్రతి పరిశోధననూ ఖుర్‌ఆన్‌లో వెదికి చూపే నేటి అలవాటు కూడా గ్రంథానికి గౌరవం తెచ్చేది కాదు. శాస్త్రం రేపు మాట మార్చుకుంటుంది, అది దాని ధర్మం.

అల్లామా ఇఖ్బాల్ 1929 జనవరిలో మద్రాసు, మైసూరు, హైదరాబాదులలో ఉపన్యసించినప్పుడు ఈ ముడినే విప్పజూశారు. ఆ ఉపన్యాసాలు 1930లో లాహోరులో పుస్తకమయ్యాయి. ఒక మానసిక స్థితికి శరీరంలో కారణాలున్నాయని తెలియడం దాని విలువను తేల్చదని, శాస్త్రజ్ఞుని బుద్ధికీ శరీర కారణాలుంటాయని, ఫలాన్ని బట్టి విలువ కట్టాలని అమెరికా తత్త్వవేత్త విలియం జేమ్స్ వాదాన్ని ఆధారం చేసుకుని చూపారు. పండితరాయడు కనిపించే కారణమున్నచోట కనిపించనిది ఊహించవద్దన్నాడు. ఇఖ్బాల్ కనిపించే కారణం చేత వస్తువు విలువ తగ్గదన్నారు. రెండు మాటలూ పక్కపక్కన పెట్టుకుంటే వాదంలోని వేడి చాలా వరకు చల్లారుతుంది.

అయితే మెదడూ ఆకాశమూ అన్న ఈ రెంటి గోలలో మూడవ కారణం మరుగున పడుతున్నది. ఇబ్న్ ఖల్దూనే దానినీ చెప్పాడు: అడిగేవారున్న చోటే ఏ చేతిపనైనా వృద్ధి పొందుతుందని. ఇందుకు సాక్ష్యం నడిగడ్డలోనే ఉన్నది. తెలంగాణలో కవులు లేరని ఒక పండితుడు తీసిపారేసినప్పుడు, ఈ గడ్డవాడే అయిన సురవరం ప్రతాపరెడ్డి (1896–1953) దానికి వ్యాసంతో బదులు చెప్పలేదు. 1926లో తాను స్థాపించిన గోలకొండ పత్రిక ద్వారా పద్యాలు పంపమని కోరి, 354 మంది కవులతో 1934లో 'గోలకొండ కవుల సంచిక' అచ్చువేశాడు. ఆ 354 మందిలో ప్రతిభ 1934లో హఠాత్తుగా పుట్టలేదు. అడిగినవాడు అప్పుడు వచ్చాడు, అంతే. సంస్కృతాంధ్రాలతోపాటు ఉర్దూ, ఫార్సీలు నేర్చిన ప్రతాపరెడ్డికి, పాలకుల భాష ఒకటి, ప్రజల భాష ఒకటి అయినచోట ఎందరి గొంతు లోపలే ఉండిపోతుందో తెలుసు.

ఈ ప్రాంతపు ముస్లింలలో తెలుగు పద్యకవులు తక్కువ అన్న మాట తరచు వినిపిస్తుంది. దానికి మతాన్ని కారణం చెప్పేవారున్నారు, బుద్ధిని కారణం చెప్పేవారూ ఉన్నారు. గోదావరి జిల్లాల వైపు చూస్తే రెండూ నిలవవు. పిఠాపురంలో సూఫీ గురుపీఠానికి చెందిన ఉమర్ అలీషా (1885–1945) అరబీ, ఫార్సీ, సంస్కృతం, తెలుగు నేర్చి, తెలుగులో పద్యకావ్యాలు, నాటకాలు రాశాడు. ఉమర్ ఖయ్యాం రుబాయీలను ఫార్సీ నుంచి నేరుగా తెలుగులోకి తెచ్చాడు. అదే అల్లాహ్, అదే మానవ మెదడు. పిఠాపురం కూడా పండితులను పోషించిన సంస్థానమే. ఆ ఊరిలో ముస్లిం బాలుడు తెలుగు పద్యం చదివితే వినేవారున్నారు. గద్వాల కోటలో సభ జరుగుతున్న రోజులలో నడిగడ్డ ముస్లిం బాలుని చదువు మక్తబులో ఉర్దూతో మొదలయ్యేది. ఇంటి బయట పొలంలో, అంగడిలో, మగ్గం దగ్గర మాట్లాడేది తెలుగు. ఇబ్న్ ఖల్దూన్ మాటలో చెప్పాలంటే, ఆ బాలుని మనసులో పడిన అచ్చు ఒకటి, చేతికందిన నూలు మరొకటి.